వరుణ్ణి పరుణ్ణి చేసిన కామా

ఒకే ఒక్క కామా వల్ల మా సరళక్కకి కాబోయే అల్లుడు బంధువులందరి ముందూ పరాయివాడైపోయాడంటే నమ్ముతారా? ఆ కామా ఇంకెవరో పెట్టింది కాదండి, నేనే. పెట్టి ఊరుకున్నానా? కుర్చీలో వెనక్కి వాలి, ముగ్గు వేసినావిడ గుమ్మంలో నిలబడి చూసుకున్నట్టు, దాన్ని కాసేపు చూసుకున్నాను కూడా!

నవ్వకండి. ముందు మొత్తం వినండి. నవ్వాలో మెచ్చుకోవాలో తర్వాత తేల్చుకుందురు గాని. నన్నడిగితే మెచ్చుకోవడమే ఎక్కువ ఉండాలంటాను.

నా పేరు విమల. రాజమండ్రిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. నేనూ, మా కాలేజీలోనే లెక్కలు చెప్పే మూర్తి గారూ కలిసి ఒక ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ తయారుచేశాం. అవునండి, మేమే! కంప్యూటర్‌కి ఏ పని చెప్పాలన్నా ఇంగ్లీషు ముక్కల్లోనే చెప్పాలా, ‘ఇది చూపించు, అది కలుపు, ఇక చాలు’ అని మన మాటల్లో చెప్తే వినదా అని సరదాగా మొదలుపెట్టాం. విన్నది! పేరు ‘లంక’. మన గోదారి మధ్యలో లంకలుంటాయి చూడండి, అలాగ. చుట్టూ ఇంగ్లీషు, మధ్యలో మాది. మాటలెలా ఉండాలో నేను చూస్తాను, ఆ మాటల్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేసేది మూర్తి గారు. మా స్టూడెంట్లు ల్యాబ్‌లో వాడతారు. మార్కుల కోసం వాడతారనుకోండి, అయినా వాడతారు.

ఇందులో ఒక చిన్న సదుపాయం ఉంది. ఏదైనా రాతలో ఒక అక్షరం తీసేసి దాని చోట ఇంకో అక్షరం పెట్టడం. పాతది ఎలా ఉండేదంటే, ‘మార్చు’ అని రాసి పక్కన బ్రాకెట్లో రెండక్షరాలు ఇవ్వాలి. మార్చు, ప, వ. అంతే. ఇప్పుడు చెప్పండి, ప పోయి వ వస్తుందా, వ పోయి ప వస్తుందా? చూశారా, మీకూ తెలియలేదు! మా స్టూడెంట్లకీ తెలిసేది కాదు. ప్రతి ల్యాబ్‌లోనూ సగం మంది తిరగేసి రాసేవాళ్ళు. “మేడమ్, ఏది ముందండీ?” అని ఒకటే గోల.

ఒకరోజు కూరగాయల బండి దగ్గర నిలబడి, “ఈ వంకాయలు తీసేసి బెండకాయలుగా మార్చండి” అన్నాను. బండాయన మారు మాట్లాడకుండా మార్చేశాడు. నేను అక్కడే ఆగిపోయాను. ఏది ముందు, ఏది వెనక అని ఆయన నన్ను అడగలేదే! ఎందుకడుగుతాడు? మన మాటలోనే ఉందిగా, దేన్ని, దేనిగా అని. ‘ప’ను ‘వ’గా మార్చు. అటూ ఇటూ తిప్పి ‘వ’గా ‘ప’ను మార్చు అన్నా అర్థం అదే. ఆ ‘ను’, ఈ ‘గా’ తగిలించుకుని తిరుగుతున్నంతకాలం ఎక్కడ నిలబెట్టినా అక్షరాలు తప్పిపోవు. ఇంగ్లీషు వాళ్ళకి ఈ సౌకర్యం ఉందా? లేదు! బెండకాయలు కూడా మర్చిపోయి ఇంటికి పరిగెత్తాను.

మూర్తి గారు మొదట ఒప్పుకోలేదు. “కంప్యూటర్‌కి విభక్తులెందుకండీ విమల గారూ, బ్రాకెట్లు చాలవూ?” అన్నారు. ఆయనకి బ్రాకెట్లంటే ప్రాణం. నేను వదల్లేదు. స్టాఫ్ రూమ్‌లో బోర్డు మీద రాసి, అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా వచ్చినవాళ్ళందరి చేతా చదివించాను. ఒక్కరు కూడా తప్పు చెప్పలేదు. ఆఖరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “సరేనండి, బాగానే ఉంది” అన్నారు. మూర్తి గారి నోట ‘బాగానే ఉంది’ అంటే మామూలు విషయం కాదు.

దాని మీద ఇంకో మెట్టెక్కాను. ఒకేసారి చాలా అక్షరాలు మార్చాలంటే? కామా పెట్టుకుంటూ పోవడమే. ‘ప’ను ‘వ’గా, ‘ట’ను ‘డ’గా మార్చు. ఎంత ముచ్చటగా ఉందో చూడండి! ఇదే నేను చెప్పిన కామా. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

సరిగ్గా అప్పుడే మా సరళక్క ఫోన్ చేసింది. సరళక్క మా పిన్ని కూతురు. వాళ్ళమ్మాయి పావనికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వివేక్, వాళ్ళది పాలకొల్లు. నాన్నగారు దేవదానం మాస్టారు, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. చాలా మంచి మనిషి, కానీ మాట పట్టింపు. పెళ్ళి తమ పాలకొల్లు చర్చిలో జరగాలని ఆయన కోరిక. ఆడపిల్ల పెళ్ళి మా ఊళ్ళోనే, మా చర్చిలోనే అని మావాళ్ళు పట్టుబట్టారు. చివరికి మాస్టారు సరే అన్నారు గానీ, ఆ సరేలో కొంచెం పులుపు మిగిలిపోయింది. అందుకని సరళక్క ఆయనతో మాట్లాడినప్పుడల్లా గాజుగ్లాసు పట్టుకున్నట్టు జాగ్రత్తగా మాట్లాడేది.

“విమలా, శుభలేఖ ప్రింటింగుకి ఇచ్చాం. వాళ్ళు ఫైలు పంపించారు. ఫోన్లో తెరిస్తే అన్నీ పిచ్చి ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ కనిపిస్తున్నాయే!”

“అది పాత ఫాంట్ అక్కా. వాళ్ళ కంప్యూటర్లోనే తెలుగులా కనిపిస్తుంది.”

“ఫోటో తీసి పంపిద్దామంటే మా అత్తగారికి చూపు ఆనదు కదా. ఆవిడ ఫోన్ మెసేజీలు పైకి చదివి వినిపిస్తుంది, కానీ ఫోటోలు చదవదట. మనవరాలి పెళ్ళి పిలుపు నా చెవులతో వినాలి అంటున్నారు. నువ్వేదో అక్షరాలు మార్చే మిషను కనిపెట్టావంట కదా?”

మిషను కాదు, భాష అని చెప్దామనుకున్నాను గానీ, నా పేరు అక్కడిదాకా పాకిందన్న సంతోషంలో వదిలేశాను. “ఎంతసేపక్కా! ఇప్పుడే చేసిస్తాను” అన్నాను.

మా ఆయన పేపరు చదువుకుంటూ తలెత్తారు. “అంతా కలిపి నాలుగు లైన్లు. ఫోన్లో టైపు కొడితే అయిపోదూ?”

“అలా టైపు కొట్టేసుకునేవాళ్ళకి భాష ఎందుకండీ?” అన్నాను.

ఆయన మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు. తెలివైనవారు.

కూర్చున్నాను. ఆ పాత ఫాంటులో ఏ పిచ్చి గుర్తు మన ఏ అక్షరమో చూసుకుంటూ వరసగా రాశాను. ఇది క, ఇది గ, ఇది మ. నడిపించాను. చకచకా తెలుగు వచ్చేసింది! చూద్దును కదా, పైన ‘పెళ్ళి పిలుపు’ అని ఉండాల్సిన చోట ‘వెళ్ళి విలువు’ అని ఉంది. పావని కాస్తా ‘వాపని’ అయ్యింది. ఎక్కడ తప్పు జరిగిందో వెంటనే తెలిసింది. ప, వ చూడ్డానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి కదా, ఒకదాని గుర్తు పక్కన ఇంకోటి రాసేశాను. బుద్ధున్నదైతే ఆ రెండూ సరిదిద్దుకుని మళ్ళీ నడిపిస్తుంది. కానీ నాకు ఏమనిపించిందో తెలుసా? ఆహా, నా కొత్త వాక్యానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరుకుతుందా అనిపించింది!

రాశాను. ‘ప’ను ‘వ’గా, ‘వ’ను ‘ప’గా మార్చు.

మధ్యలో ఆ కామా. చూసుకున్నాను, మురిసిపోయాను, నడిపించాను. పైన చూస్తే ‘పెళ్ళి పిలుపు’! చక్కగా వచ్చింది. చాలు కదా? అడుగున నా చేత్తో ఇంకో లైను టైపు చేశాను: ‘లంక భాష సాయంతో తయారుచేసినది: విమల’. ఏం, ఆ మాత్రం ఉండొద్దా? రెండువైపుల చుట్టాలూ ఉన్న పెళ్ళి గ్రూపులో పెట్టేసి, వంకాయ కూర తిరగమోతకి లేచాను.

పోపు చిటపటలాడుతుండగానే ఫోన్.

“విమలా! ఏం పంపించావే తల్లీ?” అంది సరళక్క.

“బావుందా అక్కా?”

“బావుండటమా! మా అత్తగారు ఫోన్లో పెట్టుకుని వింటున్నారు. ‘పాపని పిపాహము పిపేక్‌తో’ అంటోంది అది. ‘పాపని ఎవరికిచ్చేస్తున్నారే? ఈ పిపేక్ ఎవడే?’ అని ఆవిడ ఒకటే ఏడుపు!”

స్టవ్ కట్టేసి ఫోన్ తెరిచాను. చదివాను.

‘దేపుని కృప పలన మా కుమార్తె పాపని పిపాహము చి. పిపేక్‌తో జరుగును. పధూపరులను దీపించ పచ్చి, పిందు స్పీకరింప ప్రార్థన.’

విందు స్వీకరించడం కాదండి, స్పీకరించడం! అప్పటికే ఎవరో చుట్టం, “విందులో స్పీకర్లు కూడానా?” అని అడిగాడు. వాటి కింద, విడిగా, పెద్ద అక్షరాల్లో ఉంది అసలైంది. ‘పరుడు: పిపేక్’.

వరుడు కాదు, పరుడు! పరుడంటే పరాయివాడు. మామూలు వాళ్ళయితే ఏదో టైపు తప్పు అనుకుంటారు. కానీ అవతల ఉన్నది తెలుగు మాస్టారు! ఆయన చదివారు. గ్రూపులో ఒక్క ముక్క రాశారు: “మా అబ్బాయి మీకు పరుడని ముందే సెలవిస్తే బాగుండేది.” రాసి, గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

అంతకన్నా ఘోరం ఇంకోటుంది. ఆ మెసేజి మొత్తంలో సరిగ్గా ఉన్న వ ఒకే ఒక్కటి. నా పేరులోది! చేత్తో టైపు చేశాను కదా. దాని మీద పాలకొల్లు వాళ్ళావిడ ఎవరో, “తన పేరు మాత్రం శుభ్రంగా రాసుకుంది” అని పెట్టింది.

సరళక్క ఫోన్ చేస్తే మాస్టారు ఎత్తడం లేదు. “చర్చి విషయంలోనే ఆయన మనసు కష్టపెట్టుకున్నారే. ఇప్పుడు ఇది కావాలని చేశామనుకుంటే పావని రేపు ఆ ఇంట్లో ఎలా అడుగుపెడుతుంది?” అని అక్క ఏడ్చేసింది. అంతవరకూ నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. ఆ మాటతో నవ్వు పోయింది.

“నువ్వేం మాట్లాడకు అక్కా. చేసింది నేను. నేను వెళ్తాను.”

మా ఆయన కారు తాళాలు తీశారు. రావులపాలెం దగ్గర ఆపి చక్కెరకేళి అరటిపళ్ళు తీసుకున్నాం. క్షమాపణకి వట్టి చేతులతో ఎలా వెళ్తాం? సిద్ధాంతం వంతెన దాటుతుంటే కింద గోదారి నిండుగా ఉంది. నేను చూడలేదు. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ ఒక్క లైను చూస్తూ కూర్చున్నాను. మార్టేరు వచ్చేసరికి బుర్ర వెలిగింది. మూర్తి గారికి ఫోన్ చేశాను.

“మూర్తి గారూ, కామాకి ఇటూ అటూ ఉన్నవాటిని మీరు ఒకేసారి చేయిస్తున్నారా, ఒకదాని తర్వాత ఒకటా?”

“ఒకదాని తర్వాత ఒకటేనండి. కామా అంటే వరస కదా?”

“నేను ఒకేసారి అనుకున్నానండి!”

అటువైపు కీబోర్డు టకటకలు వినిపించాయి. తర్వాత ఆయన నెమ్మదిగా అన్నారు. “మీరు రాసిన వాక్యంలో తప్పు లేదండి. నేను చేసినదాంట్లోనూ తప్పు లేదు. రెండూ కలిశాకే తప్పు వచ్చింది.”

జరిగింది అదీ. ముందు ప లన్నీ వ లయ్యాయి. అప్పటికి ఉన్నవన్నీ వ లే. తర్వాత వ లన్నీ ప చేయమన్నాను. చేసింది పాపం! పుట్టుకతో ప ఎవరో, ఇప్పుడే వ అయినవారెవరో దానికేం తెలుసు? ‘పెళ్ళి పిలుపు’లో అసలే అన్నీ ప లు కాబట్టి అది ఒక్కటీ బాగుంది, నేను మోసపోయాను.

పాలకొల్లులో మాస్టారింటి ముందు కారు దిగాం. ఆయన వరండాలో పడక్కుర్చీలో కూర్చున్నారు. మమ్మల్ని చూసి లేచారు. మర్యాదస్తుడు కదా, కోపంలో కూడా లేస్తారు.

“రండి. కూర్చోండి. రూతూ, కాఫీ!” అని లోపలికి కేకేశారు. ఆ తర్వాత ఎదురింటి గోడ వంక చూస్తూ కూర్చున్నారు.

“అన్నయ్య గారండి,” అన్నాను. వరసకి అన్నయ్యే అవుతారు. “అది సరళక్క రాసింది కాదండి. నేను చేసిన తప్పండి.”

“తెలుసమ్మా. నీ పేరుందిగా అడుగున. తప్పు లేకుండా!”

చచ్చిపోదామనిపించింది.

“కోపం వరుడు పరుడైనందుకు కాదు చెల్లెమ్మా,” అన్నారాయన. “చర్చి మీది, ఊరు మీది, ముహూర్తం మీరు చెప్పిందే. అన్నిటికీ ఆయ్ అన్నాం. ఆఖరికి కార్డులో మా వాడి పేరైనా మాకు మిగల్లేదే అనిపించింది.”

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. అదే నాకు గుచ్చుకుంది. క్షమించండి అంటే సరిపోదనిపించింది. అసలేం జరిగిందో ఈయనకి అర్థమవ్వాలి, ఎవరూ కావాలని చేయలేదని తెలియాలి. అప్పుడే ఆయన భార్య రూతమ్మ వదిన ట్రేతో వచ్చారు. నాకు కాఫీ, ఎండన పడి కారు నడిపారని మా ఆయనకి మజ్జిగ. చూడగానే నాలోని లెక్చరర్ లేచింది. అది లేచిందంటే నేను ఆపలేనండి.

రెండు గ్లాసులూ చేతుల్లోకి తీసుకున్నాను.

“అన్నయ్య గారండి, ఈ కాఫీ ప అనుకోండి. ఈ మజ్జిగ వ అనుకోండి.”

“అనుకున్నాను,” అన్నారు అనుమానంగా.

“ప ను వ గా మార్చు అన్నానండి నేను. అంటే...” కాఫీ మొత్తం మజ్జిగ గ్లాసులోకి ఒంపేశాను.

“అమ్మా!” అన్నారు రూతమ్మ వదిన.

“వెంటనే వ ను ప గా మార్చు అన్నానండి. అంటే...” ఆ కలిపినదాన్ని మళ్ళీ కాఫీ గ్లాసులోకి ఒంపాను. పట్టినంత పట్టింది, మిగిలింది ట్రేలోకి పోయింది. “ఇప్పుడు చెప్పండి, ఇందులో ప ఏది, వ ఏది? తెలియదు కదండీ? దానికీ తెలియలేదండి!”

రూతమ్మ వదిన ఆ గ్లాసు వంకే చూస్తూ, “గేదె పెరుగు మజ్జిగమ్మా...” అన్నారు, ఎవరో పోయినట్టు.

మాస్టారు గ్లాసు తీసుకుని లోపలికి తొంగిచూశారు. “ఇప్పుడు దీన్ని తాగేదెవరు?”

మా ఆయన నా మొహం చూశారు. చెయ్యి చాపి గ్లాసు అందుకున్నారు. కళ్ళు మూసుకుని గటగటా తాగేశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా మీద చూపించిన ప్రేమలన్నీ ఒకెత్తు, ఆ గ్లాసు ఒకెత్తు.

ఆయన మొహం వంకరలు పోవడం చూసి మాస్టారి మీసం కదిలింది. ఒకసారి కదిలి ఆగింది. మళ్ళీ కదిలింది. ఆ తర్వాత ఆపుకోలేకపోయారు. పడక్కుర్చీ కిర్రుకిర్రుమనేలా నవ్వారు. వదిన కొంగు అడ్డం పెట్టుకున్నారు.

“ఒంపడమెందుకు చెల్లెమ్మా?” అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. “నీ గ్లాసు ఆయనకీ, ఆయన గ్లాసు నీకూ. ఇద్దరూ గ్లాసులు మార్చుకుంటే పోయేదిగా!”

“ఏమన్నారండీ?”

“మార్చుకుంటే పోయేదన్నాను.”

“మార్చు కాదండి... మార్చుకో!” అరిచానేమో, ఎదురింట్లోంచి ఎవరో తొంగిచూశారు.

ఆయన మాస్టారు కదా, ఇట్టే పట్టేశారు. నిటారుగా కూర్చున్నారు. “అవును మరి. మార్చడం ఒకడు చేసే పని. మార్చుకోవడమంటే ఇచ్చిపుచ్చుకోవడం. రెండు వైపులా ఉండాలి. నీ భాషలో ఆ మాట లేదూ?”

“లేదండి.”

“తెలుగు అని చెప్పుకుంటూ, మార్చుకొనులోని ఆ ‘కొను’ లేకుండా ఎలా చేశావమ్మా?”

ల్యాప్‌టాప్ అక్కడే అరుగు మీద తెరిచాను. వరండాలో కోళ్ళు తిరుగుతున్నాయి, వదిన నాకు మళ్ళీ కాఫీ తెచ్చి, ఈసారి నా చేతికి అందనంత దూరంలో పెట్టారు. నేను లంకలోకి కొత్త మాట ఎక్కించాను. మూర్తి గారు రాసిన చోట్ల నేనే చెయ్యి పెట్టాను, మధ్యలో రెండుసార్లు అంతా ఆగిపోయింది, మాస్టారు నా భుజం మీదుగా, “అక్కడ పొల్లు పడలేదు చూడు” అంటూ ఉన్నారు. పడలేదు నిజంగానే! ఆఖరికి రాశాను.

‘ప’, ‘వ’ మార్చుకో.

ఎంత చిన్నగా ఉందో చూశారా? ‘ను’ లేదు, ‘గా’ లేదు. ఇద్దరినీ నిలబెట్టి, మార్చుకోండి అంటే మార్చుకుంటారు. అంతే! ఆ ‘వెళ్ళి విలువు’ దాని ముందు పెట్టి నడిపించాను. ఈసారి పై లైను చూసి ఊరుకోలేదండి, అడుగు దాకా చదివాను. దేవుని కృప వలన. పావని వివాహము. వధూవరులను దీవించ వచ్చి. విందు స్వీకరింప. వరుడు: వివేక్!

మాస్టారు పైకి చదివారు, క్లాసులో పద్యం చదివినట్టు, రాగం తీసి. చదివి, “మళ్ళీ మార్చుకోమను” అన్నారు. మార్చుకో అన్నాను. అంతా తలకిందులైంది. “మళ్ళీ” అన్నారు. యథాప్రకారం వచ్చేసింది, ఒక్క అక్షరం తప్పిపోకుండా! చప్పట్లు కొట్టారండి ఆయన. ఆ తర్వాత మమ్మల్ని వదిలితేనా? పోలవరం పెట్టమన్నారు, ‘వోలపరం’ అయ్యింది. పడిపడి నవ్వారు. వాళ్ళ పాస్టరు గారి పేరు పెట్టమన్నారు, వదిన వద్దంటే మానుకున్నారు.

ఆయనే సరళక్కకి ఫోన్ చేశారు. “చెల్లెమ్మా, నన్ను మళ్ళీ గ్రూపులో చేర్చుకోండి. మీ పరుడి తండ్రిని మాట్లాడుతున్నాను” అన్నారు. అవతల అక్క ఏడుస్తూ నవ్వింది, నాకు వినబడింది. సరిచేసిన పిలుపు ఆయన చేత్తోనే గ్రూపులో పెట్టారు. సరళక్క అత్తగారు అది ఫోన్లో ఎన్నిసార్లు పెట్టించుకుని విన్నారో లెక్కలేదట.

పెళ్ళి మా రాజమండ్రి చర్చిలో బ్రహ్మాండంగా జరిగింది. హాలు బయట వివేక్ స్నేహితులు పెద్ద ఫ్లెక్సీ కట్టారు, ‘పిపేక్ వెడ్స్ పాపని’ అని. నేను తల దించుకుని లోపలికి జారుకుందామనుకున్నాను గానీ, పెళ్ళికూతురే దాని కింద నిలబడి సెల్ఫీ తీసుకుంటోంది. లోపల పాస్టరు గారు, “ఇప్పుడు ఉంగరాలు మార్చుకోండి” అనగానే ముందు వరసలోంచి దేవదానం మాస్టారు వెనక్కి తిరిగి, అంత జనంలో నన్ను వెతికి పట్టుకుని, కనుబొమలెగరేశారు. చూశావా అన్నట్టు. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. మీరంతా పిల్లా జెల్లా పేర్లు చెప్పుకుని గర్వపడతారు, నాకు ఒక క్రియాపదం ఉందండి!

కామా సంగతి కూడా తేల్చేశాను లెండి. ఇప్పుడు లంకలో కామా అంటే ఒకేసారి. ఒకదాని తర్వాత ఒకటి కావాలంటే, మనుషుల్లా ‘తర్వాత’ అని రాయాలి. దేన్నీ బట్టీ పట్టక్కర్లేదు, చదివితే ఎలా అర్థమవుతుందో అలాగే చేస్తుంది. ల్యాబ్‌లో “ఏది ముందండీ?” అన్న ప్రశ్న మళ్ళీ వినలేదు.

విందులో మాస్టారు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, పాలకొల్లు నుంచి వచ్చిన వాళ్ళ పెద్దాయన ముందు నిలబెట్టారు. “మా చెల్లెమ్మ విమల. సొంతంగా ఒక భాష కనిపెట్టింది!”

పెద్దాయన బిర్యానీ ప్లేటు పక్కన పెట్టి రెండు చేతులూ జోడించారు. “భాషే! ఎంత గొప్ప విషయమమ్మా! ఎంతమంది మాట్లాడతారు?”

“మనసుపెట్టి మాట్లాడేది ఇద్దరమండి. నేనూ, మా కాలేజీలో మూర్తి గారూ.”

“సంతోషం. ఆయన కూడా వచ్చారా పెళ్ళికి?”

“రాలేదండి,” అన్నాను. “తనని అడక్కుండా ‘మార్చుకో’ చేర్చేశానని ఆయనకి కోపం వచ్చింది. మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు.”